పాకా దొరకని ఏడాది

మార్చి 4

మా ఆయన వాల్దెసి తెల్లవారుతుండగా వచ్చాడు, ఖాళీ చేతులతో. తుపాకీ గోడకి తగిలించి, తడిసిన చొక్కా విప్పి, "కాఫీ ఉందా నిల్దా?" అన్నాడు. ఉందన్నాను. ఆ వాసనకి నాకు కడుపులో తిప్పింది. పొడి పాతదై ఉంటుంది.

కార్నివాల్ వారంలో తెచ్చిన పాకాయే ఆఖరు. ఆ తర్వాత మా పొయ్యి మీద వేటమాంసం ఉడకలేదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఈ వాగు పొడుగునా ఎవరినడిగినా చెబుతారు, పాకా వేట వాల్దెసికి కొట్టిన పిండి అని. కజా పళ్లు రాలే చెట్టు చూసుకుని, కొమ్మల మధ్య వలమంచం కట్టుకుని, చంద్రుడు లేని వేళ పైకెక్కి కూర్చుంటాడు. పందిపిల్లంత పెరిగినా పాకా పందికొక్కులా పిరికిది, వెన్నెల ఉంటే బొరియ గడప దాటదు. చీకట్లో పండు కొరికే చప్పుడు విని అది తల ఎటు పెట్టిందో చెప్పగలడు. అలాంటివాడు వారాల తరబడి ఊరికే తిరిగొస్తున్నాడు.

నాకు ఒళ్లంతా నీరసం. రాయడం కూడా బరువుగా ఉంది. కానీ రాయకపోతే బుర్రలోనే తిరుగుతుంటుంది.

మార్చి 9

ఇన్నాళ్లూ ఎవరూ పైకి అనని మాట అత్తగారు ఈ రోజు అనేశారు. చిక్కుళ్లు ఒలుస్తూ, మామూలుగా.

"వీడికి పనేమా పట్టింది."

"అలా అనకండి అత్తయ్యా."

"అనకపోతే పోతుందా? పనేమా పట్టిన వేటగాడికి జంతువు ముందుకొచ్చి నిలబడినా గుండు తగలదు. వాళ్ల నాన్నకీ ఒకసారి ఇలాగే పట్టింది. మన మాంసం తిన్నవాళ్లెవరో చెయ్యకూడని పని చేశారు. ఆ పాకా ఎముకలు ఎక్కడ పారేశావే?"

"ఎప్పటిలాగే వాగులో వేశాను."

"కుక్క ముట్టలేదుగా? నువ్వు వాటిమీంచి దాటలేదుగా?"

"నాకు గుమ్మం దాటడానికే ఓపిక ఉండట్లేదు. ఎముకలేం దాటతాను?"

అత్తగారు నవ్వలేదు. ఊరు దోనా ఒసిరేమా అని పిలిచే ఈవిడ నవ్వించడానికి పుట్టారు కానీ నవ్వడానికి పుట్టలేదు.

మార్చి 11

అత్తగారు నన్ను వెంటేసుకుని పక్కింటి ఇల్జమార్ దగ్గరికి బయల్దేరారు. వాగు ఈ మలుపులో ఉన్నవి రెండే ఇళ్లు, వాళ్లది, మాది. ఎవరింట్లో జంతువు పడినా రెండో ఇంటికి ముక్క వెళ్లాల్సిందే. ఆ పాకా తొడ వాళ్లకే పంపాం.

"ఎముకలు ఏం చేశావమ్మా?" అని గుమ్మంలోనే మొదలుపెట్టారు అత్తగారు.

"మీ అబ్బాయి గురి తప్పితే మా చెత్త వెతుకుతారా పిన్నీ?"

"మా అబ్బాయి గురి తప్పడు. అందుకే వెతుకుతున్నా."

పోలీసులు కూడా ఇంత చెయ్యరు. పెరడంతా తిరిగారు, కుక్క నోరు తెరిచి చూశారు. నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఇల్జమార్ నా పక్కన చేరి, "ఏం వదినా, మొహం అలా పీక్కుపోయింది?" అంది. వయసు అన్నాను. "నలభై ఒకటీ ఒక వయసేనా" అంది. మాట మార్చేశాను.

మార్చి 15

ఎండు మిరపకాయలు, చీమల పుట్ట మట్టి కలిపి పొగ వేశారు. తుపాకీకి, కుక్కకి, చివరికి వాల్దెసికి. అతను దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, బుద్ధిగా నిలబడ్డాడు. నేను ఇంటి వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాను. మిరప పొగకి ఎవరికైనా వస్తుంది.

మార్చి 16

ఖాళీ చేతులు.

మార్చి 22

రెండు నెలలుగా నెలసరి లేదు. వయసు, వయసు అని రాసుకుంటూ వస్తున్నాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు, ఇక్కడైనా సరిగ్గా రాయాలి.

నాలుగుసార్లు నిలిచింది, నాలుగుసార్లు పోయింది. మూడు మొదట్లోనే. నాలుగోది అయిదో నెల దాకా వచ్చింది. అది జరిగి ఎనిమిదేళ్లు. ఆ రోజు వాల్దెసి పనసకాయంత గొయ్యి తవ్వి, మట్టి కప్పి, ఆ పక్కనే సాయంత్రం వరకూ గొడ్డలి పట్టుకుని కూర్చున్నాడు, కట్టెలు కొడుతున్నట్టు. ఒక్క దెబ్బ కూడా వినబడలేదు. ఆ తర్వాత మేమిద్దరం ఆ విషయం మాట్లాడుకోలేదు.

మళ్లీ ఆశ పెట్టుకునే ఓపిక నాకు లేదు. అతనికి ఆశ పెట్టే ధైర్యం అసలే లేదు. కాబట్టి వయసే.

మార్చి 27

అత్తగారు తీర్పు చెప్పేశారు. ఇల్జమార్ పిండి అడగడానికి వచ్చింది. ముగ్గురం వంటింట్లో ఉన్నాం.

"ఎముకల వల్ల పట్టిన పనేమా అయితే మిరప పొగకి దిగిపోవాలి. దిగలేదు. ఇది కడుపుతో ఉన్న ఆడది తినడం వల్ల పట్టింది. అది గట్టిది." అని ఇల్జమార్ పొట్ట వైపు చూశారు.

"నా వైపు చూడకండి పిన్నీ. ఇందులో కర్రపెండలం తప్ప ఏమీ లేదు. కావాలంటే ఊపి చూసుకోండి."

"మరి తిన్నది రెండిళ్లవాళ్లేగా."

"మీ ఇంట్లోనూ ఒక ఆడది ఉంది."

"దాని సంగతి తెలిసిందేగా. ఆ కుండ ఎప్పుడో బోర్లించేశారు. పాకాయే నయం, ఏడాదికి ఒక్క పిల్లనైనా కంటుంది."

ఇల్జమార్ తల దించుకుంది. నాకు నొప్పెట్టలేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. ఎవరూ నన్ను అనుమానించరు.

తర్వాత విరుగుడు చెప్పారు. పాకా ఉంటున్న బొరియలోంచి మట్టి తేవాలి. దాన్ని చేదు తీగ బెరడుతో, మిరపకాయలతో కాచి, ఆ నీళ్లు వేటగాడి తల మీద పొయ్యాలి. పనేమా అతన్ని వదిలి, వచ్చిన చోటికే పోతుంది.

"పోతే ఏమవుతుంది?" అంది ఇల్జమార్.

"ఆ కడుపు నిలవదు. ఎవరిదో వాళ్లు ముందే నోరు తెరిచి చెప్పుకుంటే ఈ పనే ఉండదు. బిడ్డ పుట్టేదాకా వేటగాడు ఊరుకుంటాడు. చెప్పకపోతే నా తప్పు కాదు."

చిక్కుడు గింజల్లో రాళ్లు ఏరుతూ చెప్పారు ఇదంతా.

మార్చి 28

ఇవన్నీ నేను నమ్మను.

ఏప్రిల్ 2

నమ్మను. మిరపకాయ నీళ్లు అతని తల మీద పోస్తే నాకేమవుతుంది? కానీ "మట్టి తెచ్చావా?" అని అత్తగారు కొడుకుని అడిగినప్పుడల్లా చేతిలో పని ఆపి అతని జవాబు వింటున్నాను. చెప్పేస్తే సరిపోతుంది. చెప్పాక ఇది కూడా పోతే? అప్పుడు అతను మళ్లీ గొడ్డలి పట్టుకుని కూర్చుంటాడు. నేను ఇంకోసారి అది చూడలేను. చెప్పకుండా పోతే నాకొక్కదానికే పోతుంది.

ఏప్రిల్ 10

ఈ రోజూ మట్టి తేలేదు. బొరియ ఎక్కడుందో తెలుసట, ఎగువన పడిపోయిన పెద్ద చెట్టు వేళ్ల కింద. ఆడపాకాదేనని కూడా తెలుసు. మగది విడిగా, పక్క గట్టులో ఉంటుంది.

"తెలిస్తే తేవచ్చుగా, ఒక గుప్పెడు మట్టి" అని అత్తగారు విసుక్కున్నారు.

"దానికి రెండు నోళ్లుంటాయమ్మా. వెనకవైపు నోరు ఎండుటాకులు కుక్కి మూసి పెట్టుకుంటుంది. ముందు ఎవడైనా చెయ్యి పెడితే వెనక ఆకులు తోసుకుని వాగులోకి దూకేస్తుంది. లోపలున్న దాన్ని కదపకుండా మట్టి తియ్యడం కుదరదు."

"కదిలితే కదిలింది. దానికి ఇల్లు నువ్వు కట్టిస్తావా?"

"పిల్లతో ఉండి ఉంటుంది" అని లేచి వెళ్లిపోయాడు.

ఇంత సోమరితనం ఈయనలో ఎప్పుడూ చూడలేదు. తల్లి ఒక మాట అంటే తను ఒక సాకు చెబుతాడు. నాకు మేలే అనుకోవాలి, కానీ కోపం వచ్చింది. మాంసం లేని ఇంట్లో కూర్చుని పాకాల కుటుంబ వ్యవహారాలు చెప్పేవాణ్ని ఏమనాలి?

ఏప్రిల్ 19

ఇల్జమార్ మళ్లీ మాంసం పంపింది, అడవిపంది పక్కటెముకలు. ఆ వాసన పడక నేను ఎప్పటిలాగే ముట్టలేదు. గిన్నె ఖాళీగా పంపకూడదని కర్రపెండలం పిండి నింపి ఇచ్చాను. ప్రతివారం పిండే. ఈసారి గిన్నె తెచ్చిన ఆమె మొగుడు వాల్దెసిని అడిగాడు, "ఏం బావా, ఈ వారం పాకాలు నిన్ను వేటాడాయా, నువ్వు వాటినా?" అని. వాల్దెసి హాయిగా నవ్వాడు. సరుకుల పడవ వచ్చినప్పుడు రేవులో కూడా ఇదే గొడవ. పేరు కూడా పెట్టారు, పాకాల పాలిట దేవుడు అని. దానికీ నవ్వాడు.

మొగుణ్ని అందరూ అలా అంటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. అతనికి లేని సిగ్గు నాకెందుకో.

ఏప్రిల్ 30

నీరసం. కాళ్లకి నీరు. వదులు గౌన్లు రెండే ఉన్నాయి, మార్చి మార్చి వేసుకుంటున్నాను. తిండి సరిగ్గా లేక లావయ్యానంటే ఎవరు నమ్ముతారు? ఎవరూ అడగలేదు.

మే 6

ఇది వివరంగా రాయాలి.

పొద్దున్నే అత్తగారు మోకాళ్ల దాకా బురదతో వచ్చారు. డెబ్బయ్యేళ్ల మనిషి కర్ర పట్టుకుని ఎగువకి వెళ్లి, ఆ బొరియలో చెయ్యి పెట్టి, మట్టి తెచ్చుకున్నారు. పెరట్లో పొయ్యి వెలిగించి కుండ పెట్టారు. చేదు వాసన ఇల్లంతా నిండింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అని లోపల అనుకుంటూనే ఉన్నాను. గుమ్మం మాత్రం దాటలేదు. నమ్మనిదాన్ని, ఎందుకు భయపడ్డానో.

వాల్దెసి వాగు నుంచి స్నానం చేసి వచ్చాడు.

"కూర్చోరా ఇక్కడ" అన్నారు అత్తగారు.

అతను కూర్చోలేదు. కుండ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. మొహం వైపు కాదు. గౌను వైపు. ఆ తర్వాత గుడ్డ చుట్టి కుండ ఎత్తి, గట్టు దాకా మోసుకెళ్లి, మొత్తం వాగులో పారబోశాడు. కుండ కడిగి తెచ్చి తల్లి ముందు బోర్లించాడు.

"నీకు పనేమా అంటే అంత ఇష్టమేంట్రా?" అన్నారు ఆవిడ.

"ఇష్టమే అనుకో."

"ఊరంతా నవ్వుతోంది."

"నవ్వనీ. నవ్వితే నాకేం తగ్గిపోయింది?"

అత్తగారు ఏదో అనబోయి నా వైపు తిరిగారు. చాలాసేపు చూశారు. ఆవిడ మొహం మెల్లగా మారిపోయింది. లోపలికి వెళ్లి, బురద కాళ్లతోనే వలమంచంలో పడుకుని, మొహం మీద గుడ్డ కప్పుకున్నారు.

అతనికి తెలుసు.

మే 7

కట్టెలకి వెళ్తుంటే వెంట వెళ్లాను. ఇల్లు కనుమరుగయ్యేదాకా నడిచాం.

"ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"మార్చి మొదట్లో. కజా చెట్టు కింద పాకా నాకెదురుగా కూర్చుని పండు తింటోంది. లైటు వేశా, కళ్లు నిప్పుల్లా వెలిగాయి. కాల్చా. తగల్లేదు. అది కంగారు కూడా పడలేదు, ఇంకో పండు తీసుకుంది. అప్పుడే అనుకున్నా, నిల్దాకి నిలిచిందని."

"చెప్పలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా."

గొడ్డలి భుజం మార్చుకుని మళ్లీ అన్నాడు, "ఖాళీ చేతులతో వచ్చినప్పుడల్లా నాకు ఎంత ధైర్యంగా ఉంటుందో తెలుసా? ఇంకా ఉంది అన్నమాట. అందుకే రోజూ వెళ్తున్నా. మాంసం కోసం కాదు, కనుక్కోవడానికి."

నేనేమో సోమరి అనుకున్నాను. అతను రాత్రల్లా చెట్టు మీద దోమలకి ఒళ్లప్పగించి, ఆ ఒక్క కబురు కోసం కూర్చుంటున్నాడు. ఏడుపు వచ్చింది. అతను నన్ను చూడనట్టే ఎండిన కొమ్మ వెతుక్కుంటూ పక్కకి వెళ్లాడు. ఈసారి గొడ్డలి చప్పుడు వినబడింది.

మే 15

అత్తగారు నాతో ఎక్కువ మాట్లాడటం లేదు. పొద్దున వేడి అరటిపండు గంజి తెచ్చి పక్కన పెట్టారు. "తిను. మాంసం ముట్టకు" అన్నారు. క్షమించమని అడిగితే ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదు. నాకూ తెలియదు. తిన్నాను.

మే 29

ఖాళీ చేతులు. ఇప్పుడు అతను గట్టెక్కుతూనే రెండు చేతులూ పైకెత్తి చూపిస్తున్నాడు, పోలీసుకి దొరికిన దొంగలాగా. నవ్వాను. చాలా రోజులైంది నవ్వి.

నేను నమ్మను అని రాసుకున్నాను కదా. ఇప్పుడు తెల్లవారుజామున అతని అడుగుల చప్పుడు విని, చేతుల వైపు చూడందే పక్క మీంచి లేవడం లేదు.

జూన్ 8

కదిలింది. నిన్నా కదిలింది, వాయువనుకున్నాను. కాదు.

జూన్ 17

అయిదో నెల. ఆ పోయినసారి కూడా ఈ పాటికే. ఎక్కువ రాయను.

జూన్ 23

రేపు సెయింట్ జాన్ పండుగ. ఇల్జమార్ వాళ్ల పెరట్లో మంటకి కట్టెలు పేర్చారు. అత్తగారు మొక్కజొన్న రుబ్బుతున్నారు. నిన్నటినుంచి కదలిక తెలియడం లేదు. నిద్రపోతోందేమో. ఎడమవైపు తిరిగి పడుకున్నాను, చల్లనీళ్లు తాగాను. ఏమీ లేదు. అతనికి చెప్పలేదు.

జూన్ 24

అతను పాకాని తెచ్చాడు.

జూన్ 26

రెండు రోజుల సంగతి కూర్చుని రాస్తున్నాను.

మొన్న తెల్లవారుతుండగా అడుగుల చప్పుడు వినబడింది. చేతులు పైకెత్తలేదు. భుజం మీద పాకా ఉంది, పెద్దది, గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కల వరసలు బురదలో కూడా కనబడుతున్నాయి. దాన్ని పెరట్లో దించి, మెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. మొహం బూడిదలా ఉంది.

"గురి కూడా చూడలేదు" అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియలేదు. "ఎప్పటిలాగే తప్పుతుందనుకుని కాల్చా. పడిపోయింది. మగదే. చూసుకున్నా."

అత్తగారు బయటికి వచ్చారు. నాలుగు నెలల తర్వాత పెరట్లో మాంసం పడింది. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పండుగ పూట ముగ్గురం ఆ జంతువు చుట్టూ శవం దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాం. ఈగలు వాలుతున్నా ఎవరూ లేవలేదు.

"కదులుతోందా?" అన్నాడు చివరికి.

"మూడు రోజులైంది" అన్నాను. దాచే ఓపిక లేదు.

అతను లేచి దోనెలో నీళ్లు తోడెయ్యడం మొదలుపెట్టాడు. పడవ ఇంజను కోసం ఇల్జమార్ ఇంటికి పరిగెత్తాడు. దిగువ ఊళ్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. దారంతా నేను పడవ అడుగున పడుకుని ఆకాశం చూశాను. ఏడవలేదు. ముందే ఏడ్చేసినట్టుంది, నాలుగుసార్లు. అతను ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. పోయిందని ఇద్దరం నిర్ణయించేసుకున్నాం.

నర్సు జుసారా పండుగ బట్టల్లో ఉంది, జడలో కాగితం పువ్వులు. విషయం చెబితే ఆమె ముందు తిట్టింది, ఇన్ని నెలలు ఎక్కడ చచ్చారు, ఒక్కసారైనా చూపించుకోవాలని తెలియదా అని. నన్ను పడుకోబెట్టి పొట్ట మీద చల్లటి జిగురు రాసి, చిన్న మిషను పెట్టి తిప్పింది. గరగర తప్ప ఏమీ లేదు. ఇంకో చోట పెట్టింది. గరగర. వాల్దెసి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇంకో చోట పెట్టింది.

టకటకటక, చాలా వేగంగా.

"ఇదిగో. వెనక్కి తిరిగి పడుకుంది, అందుకే నీకు తెలియలేదు. బాగానే ఉంది" అంది జుసారా.

వాల్దెసి గోడ వైపు నుంచి తిరగలేదు. "ఇంకోసారి పెట్టండమ్మా" అన్నాడు. పెట్టింది. "ఇంకోసారి" అన్నాడు. జుసారా విసుక్కోలేదు. ఆ రాత్రి అక్కడే ఉన్నాం. పండుగ మంటలు ఆరిపోయేదాకా అతను ఆరోగ్య కేంద్రం మెట్ల మీద కూర్చుని, లోపలికి వచ్చి నన్ను చూసి, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు.

నిన్న సాయంత్రం తిరిగొచ్చాం. పాకాలో ముక్క కూడా మిగల్లేదు. సగం ఇల్జమార్ ఇంటికి, మిగతాది ఎగువ వాగు దాకా మనిషినిచ్చి పంపేశారట అత్తగారు. ఎముకలు తనే మోసుకెళ్లి వాగులో లోతైన చోట వేశారట. "బాగానే ఉంది" అని చెప్పాను. ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి లేవకుండా, "నాకు చెవులు పనిచేస్తున్నాయి, ఒకసారి చెబితే చాలు" అన్నారు. తర్వాత గరిటె కింద పెట్టి, గౌనుకి చేతులు తుడుచుకుని, వచ్చి నా పొట్ట మీద చెయ్యి వేశారు. చాలాసేపు తియ్యలేదు.

జూన్ 28

తుపాకీ గోడకే ఉంది. మూడు రాత్రులుగా అతను ఇంట్లోనే పడుకుంటున్నాడు, నిద్ర మాత్రం పోవడం లేదు. నాకూ లేదు. ఖాళీ చేతులు చూసి ధైర్యం తెచ్చుకునే రోజులు పోయాయి. పాకా దొరికినా ఇది బతికే ఉంది. అంటే రేపు దొరకకపోయినా ఏమైనా కావచ్చు. మాకు ముందుగా కబురు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఇంకా నాలుగు నెలలు ఇలాగే గడపాలి, తెలియకుండా.

"రేపు వేటకి వెళ్తావా?" అని అడిగాను.

"వెళ్లను."

"ఏం?"

"తగిలితే భయం, తగలకపోతే భయం. చేపలు పట్టుకొస్తా" అన్నాడు.

నేను పక్కకి జరిగి అతనికి చోటిచ్చాను.